రొయ్య మీద సుంకం, కూలి మీద కోత

2025 ఆగస్టు నెలాఖరులో కోటలో మేము జరిపిన కూలీల మీటింగుకు రొయ్యల షెడ్లలో తలలు గిల్లి పొట్టు తీసే ఆడవాళ్లు ఇరవై మంది దాకా వచ్చారు. ఐసు నీళ్లలో తెల్లవార్లూ నానిన వేళ్లు, సందుల్లో ఒరుసుకుపోయి, వాటికి పసుపు అద్దుకుని కూర్చున్నారు. మేము పొలం కూలి రేట్ల గురించి మాట్లాడుతుండగా ఒక పెద్దామె మధ్యలో లేచి అడిగింది: "ఏందన్నా, ఆ అమెరికావోడు రొయ్య మీద పన్నేస్తే మా కిలో కూలి ఎందుకు తగ్గించారు? ఆ పన్ను మేం కట్టాలంటనా?"

ఆరోజు మేము చెప్పిన జవాబు సగం జవాబే. ట్రంపు దుర్మార్గం గురించి చెప్పాం, సామ్రాజ్యవాదం గురించి చెప్పాం. ఆమె తలాడించి కూర్చుంది గాని ఆమె అడిగింది అది కాదు. మిగతా సగం ఇక్కడ చెప్పుకుందాం.

ముందు సంగతి ఏమిటో చూద్దాం. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంపు ప్రపంచ దేశాల సరుకుల మీద సుంకాలు ప్రకటించాడు. మన దేశానికి 26 శాతం అన్నాడు. వారం తిరక్కుండానే అమలును 90 రోజులు వాయిదా వేశాడు. ఆగస్టు 7 నుండి 25 శాతం, ఆగస్టు 27 నుండి, రష్యా చమురు కొంటున్నామన్న సాకుతో, మొత్తం 50 శాతం చేశాడు. రొయ్యకు అంతకు ముందు నుండే ఉన్న సుంకాలు వేరు. అన్నీ కలిపితే 60 శాతానికి దగ్గరకు పోయింది. తరువాత ఆ శాతాలు పైకీ కిందికీ మారుతూ వచ్చాయి. అవి ఎంత మారినా మా పెద్దామె ప్రశ్న మాత్రం మారలేదు.

మన రొయ్యకు అమెరికా ఎంత పెద్ద గిరాకీయో తెలియనిదేమీ కాదు. 2024-25లో దేశం నుండి పోయిన సముద్ర ఉత్పత్తులు 62 వేల కోట్ల రూపాయల పైచిలుకు. అందులో మూడో వంతుకు మించి ఒక్క అమెరికాకే. పోయిన సరుకులో పెద్ద భాగం రొయ్య, ఆ రొయ్య పండేది ఎక్కువగా ఆంధ్ర తీరంలో. కోట, వాకాడు, చిట్టమూరు వైపు పోయి చూడండి, ఒకప్పుడు వరి మళ్లు ఉన్న చోట ఎయిరేటర్లు తిరుగుతుంటాయి. గట్టు మీద కాపలా పాలేరు, గుంటలో మేత చల్లే మనిషి, పట్టుబడి రోజు వల లాగే ముఠా, షెడ్డులో తలలు గిల్లే ఆడవాళ్లు, ఐసు పెట్టెలు మోసే హమాలీలు. ఒక కిలో రొయ్య అమెరికా హోటలు పళ్లెంలోకి చేరేలోగా ఇన్ని చేతులు దాటుతుంది.

చట్టం ప్రకారం సుంకం కట్టేది అమెరికాలో సరుకు దించుకునే దిగుమతిదారు. అతను తన జేబులో నుండి తీయడు. "నీ ధర తగ్గించు" అని ఇక్కడి ఎగుమతి కంపెనీని అడుగుతాడు. కంపెనీ తన లాభంలో తగ్గించుకోదు, కౌంటు ధర తగ్గిస్తుంది. ఏప్రిల్‌లో సుంకం కాగితం మీద ఉండగానే, ఓడ కదలకుండానే, గట్ల మీద ధరలు పడిపోయిన సంగతి రైతులందరికీ గుర్తే. గుంట కౌలుకు తీసుకున్న చిన్న రైతు మేతకు, సీడుకు, కరెంటుకు చేసిన అప్పు మీద అప్పు చేశాడు. కాపలా మనిషి జీతం నెల ఆపాడు. షెడ్డులో మేస్త్రీ "సరుకు తక్కువ, రేటు ఇంతే, ఇష్టముంటే రండి" అన్నాడు. మెట్లు దిగుతూ దిగుతూ పన్ను చివరికి ఐసు నీళ్లలో చేతులు పెట్టిన మనిషి దగ్గర ఆగింది. ఆమె కింద ఇంకో మెట్టు లేదు గనుక ఆగింది.

ధర పెరిగిన సంవత్సరాలలో ఈ మెట్ల మీదుగా ఏమైనా కిందికి దిగిందా అని మేము ఆ మీటింగులోనే అడిగాం. ఆడవాళ్లు నవ్వారు.

ఒక పొరపాటు ఇక్కడ ఒప్పుకోవాలి. ఆగస్టులో సుంకానికి వ్యతిరేకంగా ఊరేగింపు అంటే మేమూ కూలీలను పిలుచుకుని పోయాం. రైతులు వచ్చారు, మంచిదే, వాళ్లది న్యాయమైన బాధ. కాని కూలి తగ్గించిన షెడ్డు యజమానులూ బ్యానరు పట్టుకుని ముందు వరుసలో నడిచారు. వెనక వరుసలో వాళ్ల దగ్గర కూలి కోల్పోయిన ఆడవాళ్లు నడిచారు. నినాదాలలో ట్రంపు పేరు ఉంది, కిలో రేటు మాట లేదు. ఆ తప్పు మాది.

ఇప్పుడు అమెరికా వైపు చూద్దాం. సుంకం వేసేటప్పుడు ట్రంపు చెప్పిన మాట, అమెరికా కార్మికుణ్ణి కాపాడడానికి అని. లూసియానా, టెక్సాస్ తీరాలలో రొయ్యల పడవలవాళ్లు చౌక దిగుమతుల వల్ల నిజంగానే దెబ్బతిన్నారు. అమెరికా తినే రొయ్యలో పదింట తొమ్మిది వంతులు బయటి దేశాలదే. వాళ్ల కష్టాన్ని మనం ఎగతాళి చేయనక్కరలేదు. అయితే సుంకం వల్ల వచ్చిన సొమ్ము ఎవరికి చేరుతుంది అన్నది వేరే ప్రశ్న. దానికి పాత అనుభవం ఒకటి ఉంది. 2005లో అమెరికా మన రొయ్య మీద, మరి ఐదు దేశాల రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది. 2000లో చేసిన ఒక చట్టం ప్రకారం అప్పట్లో ఆ వసూళ్లను ఖజానాలో ఉంచకుండా, ఫిర్యాదును బలపరచిన అక్కడి ఉత్పత్తిదారులకే పంచిపెట్టారు. పడవ మీద వల లాగే కూలీకి, ఫ్యాక్టరీలో రొయ్య కడిగే మనిషికి ఇంత చేరాలన్న షరతు అందులో లేదు. ఆ పంపిణీ చట్టం తరువాత రద్దయింది, సుంకం మిగిలింది.

అమెరికా రొయ్యల కార్మికుల చరిత్ర తెలిసిన వారికి ఇవన్నీ కొత్తగా అనిపించవు. 1911లో లూయిస్ హైన్ అనే ఫోటోగ్రాఫరు మిసిసిపీ రాష్ట్రం బిలాక్సీ ఊరిలో రొయ్యల షెడ్లలో పనిచేసే పిల్లల ఫోటోలు తీశాడు. ఐదేళ్లు, ఆరేళ్ల బిడ్డలు బల్ల అందక పెట్టె ఎక్కి నిలబడి రొయ్యలు వలుస్తున్నారు. ఆ తీరంలో సీజనుకు కూలీలను దూరాన ఉన్న బాల్టిమోర్ నుండి కుటుంబాలు కుటుంబాలుగా రైలెక్కించి తెచ్చేవారు, షెడ్డు పక్కనే కొట్టాలలో ఉంచేవారు. ఆ బొమ్మలు చూసినప్పుడు మాకు పరాయి దేశం అనిపించలేదు. ఒడిశా నుండి, ఉత్తరాంధ్ర నుండి ముఠాలు ముఠాలుగా మనుషులను తెచ్చి షెడ్ల పక్క గదుల్లో పెట్టే పద్ధతి మన తీరానికి తెలిసిందే.

హైన్ తీసిన ఫోటోలూ, అంతకంటే ఎక్కువగా కార్మికుల సమ్మెలూ కలిసి చివరకు చట్టాలు తెచ్చాయి. 1935లో యూనియను పెట్టుకునే హక్కు చట్టం వచ్చింది. 1938లో కనీస వేతనం, వారపు పనిగంటల హద్దు, బాలకార్మిక నిషేధం చట్టం వచ్చింది. గొప్ప విజయాలు. కాని రెంటిలోనూ ఒక చిన్న మినహాయింపు రాసుకున్నారు: వ్యవసాయ కూలీలకు, ఇళ్లలో పనిచేసేవారికి వర్తించదు. ఎందుకంటే దక్షిణ రాష్ట్రాలలో ఆ రెండు పనులూ చేసేది ఎక్కువగా నల్లజాతివారు. పత్తి తోటల యజమానుల ఓట్లు లేకపోతే పార్లమెంటులో బిల్లు గట్టెక్కదు. అందుకని రాజీ చేసుకున్నారు. కూలి వాడి కులం చూసి కూలి నిర్ణయించడం అంటే ఏమిటో మన మాలపల్లెల్లో మాదిగపల్లెల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ మినహాయింపు ఎన్నేళ్లు నడిచిందో చూడండి. పెద్ద కమతాలలోని కూలీలకు కనీస వేతనం వర్తింపజేసింది 1966 సవరణతో. ఓవర్‌టైము హక్కు దేశం మొత్తానికి ఈనాటికీ లేదు. యూనియను హక్కు చట్టంలో వ్యవసాయ కూలీకి ఈనాటికీ చోటు లేదు.

కాలిఫోర్నియాలో మాత్రం కొంత సాధించారు, ఊరికే రాలేదు. 1965 సెప్టెంబరు 8న డెలానో అనే ఊరి ద్రాక్షతోటలలో ఫిలిప్పీన్స్ నుండి వచ్చిన కూలీలు పని మానేశారు. వాళ్ల నాయకుడు లారీ ఇట్లియాంగ్. అంతకు ముందు తోటల యజమానుల ఎత్తు ఒకటే: ఫిలిపినోలు సమ్మె చేస్తే మెక్సికన్లను దించడం, మెక్సికన్లు చేస్తే ఫిలిపినోలను దించడం. ఈసారి ఇట్లియాంగ్ పోయి మెక్సికన్ కూలీల సంఘం నడుపుతున్న సీజర్ చావెజ్‌ను, డొలోరెస్ హుయెర్టాను కలిశాడు. వారం దాటేసరికి వాళ్లూ దిగారు. తరువాత రెండు సంఘాలూ ఒకటయ్యాయి. పొలం దగ్గర గెలవలేమని తెలిసి పట్టణాలకు పోయి, ద్రాక్ష కొనకండి అని ఇల్లిల్లూ తిరిగారు. ఐదేళ్లు పట్టింది. 1970లో యజమానులు ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. 1975లో ఆ రాష్ట్రం వ్యవసాయ కూలీల యూనియను హక్కుకు ప్రత్యేక చట్టం చేసింది.

అదే సంవత్సరం ఇంకొకటి జరిగింది. మాకు అన్నింటికంటే అది ఎక్కువ గుర్తుంటుంది. అక్కడ కూరగాయల తోటల్లో కూలీలకు రెండడుగులైనా లేని పొట్టి కర్ర తొలిక ఇచ్చేవారు. పొద్దున నుండి సాయంత్రం దాకా నడుము రెండుగా వంచి తవ్వాల్సిందే. పొడుగు కర్ర వేస్తే పని చెడుతుందని యజమానుల వాదన. అసలు సంగతి, పొట్టి కర్రతో ఎవరైనా నడుము ఎత్తితే దూరం నుండే మేస్త్రీకి తెలిసిపోతుంది. వెన్నులు విరిగిన కూలీలు కోర్టుకెక్కారు, వైద్యులు సాక్ష్యం చెప్పారు, 1975లో ఆ తొలికను నిషేధించారు. నాట్లలో నడుము ఎత్తితే "ఏం, చుట్టాలొచ్చారా?" అని గట్టు మీద నుండి అరుపు విన్న మన ఆడవాళ్లకు ఈ కథ చెబితే, తొలిక ఏదని అడగరు, ఆ మేస్త్రీ పేరేందని అడుగుతారు.

అంత పోరాడిన దేశంలో ఇవాళ కూలి సంగతి ఎలా ఉంది? కేంద్ర కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. 2009 జూలైలో పెట్టిన అంకె, ఆ తరువాత పైసా పెంచలేదు. కొన్ని రాష్ట్రాలు తమంతట తాము రెట్టింపు దాకా పెంచుకున్నాయి, దక్షిణాదిన చాలా రాష్ట్రాలు అక్కడే ఉంచాయి. ఎనిమిది గంటలకు 58 డాలర్లు. మన రూపాయల్లోకి మార్చి నోరు తెరవకండి, ఆ మనిషి ఇంటి అద్దె, మందుల ఖర్చు డాలర్లలోనే కట్టాలి. హోటలులో వడ్డించే మనిషికి, టిప్పులు వస్తాయన్న పేరుతో, యజమాని ఇవ్వాల్సిన కనీసం గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. అది 1991 నుండి కదలలేదు. అంటే కోటలో తల గిల్లిన రొయ్యను అక్కడ పళ్లెంలో పెట్టి తెచ్చే పిల్ల కూడా మన పెద్దామె వరుసలోనే నిలబడి ఉంది. ఆ పిల్ల ఒక్కోసారి మన జిల్లాల నుండి చదువుకని పోయిన పిల్లే కూడా కావచ్చు. ఇంటికి ఫోను చేసినప్పుడు ఆ సంగతి చెప్పరు, అంతే.

యూనియన్ల బలం 1950లలో అక్కడ కార్మికులలో మూడో వంతు. 2024 నాటికి 9.9 శాతం. పెట్టుబడిదారీ పత్రికలు దీనికి వంద కారణాలు చెబుతాయి. 1947లో యూనియన్ల కాళ్లు కట్టేసిన టాఫ్ట్ హార్ట్‌లీ చట్టం పేరు మాత్రం చివర్లో గాని రాయవు.

కార్మికుణ్ణి కాపాడతానన్న అదే ప్రభుత్వం 2025లో పొలాల మీద ఏం చేసిందో కూడా చెప్పాలి. కాగితాలు లేని వలస కూలీల కోసం తోటల మీద దాడులు చేసింది. జూలైలో కాలిఫోర్నియాలోని కమరిల్లో వద్ద పచ్చఇళ్ల మీద జరిగిన దాడిలో తప్పించుకోబోయి పైకప్పు మీద నుండి పడి ఒక కూలీ చనిపోయాడు. ఆ కూలీల బదులు తాత్కాలిక వీసాల మీద తెచ్చే విదేశీ కూలీలకు యజమాని ఇవ్వాల్సిన కనీస రేటును అక్టోబరులో కొత్త నిబంధనతో తగ్గించింది. ఒక చేత్తో మన రొయ్య మీద పన్ను, ఇంకో చేత్తో తన సొంత పొలాల్లో కూలి కోత. రెండూ ఒకే ఏడాదిలో, ఒకే ప్రభుత్వం.

ఇక మన ఇంటి సంగతి. 2025 ఏప్రిల్‌లో కౌంటు ధర పడగానే రాష్ట్ర ప్రభుత్వం ఎగుమతిదారులను పిలిచి మాట్లాడింది. 100 కౌంటు కిలో 220 రూపాయలకు తగ్గకుండా కొనమంది. ఎంత అమలైందో రైతులే చెప్పాలి. సెప్టెంబరులో ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశారు. ఎగుమతులకు 25 వేల కోట్ల నష్టం అన్నారు, రుణాల వాయిదా, వడ్డీ రాయితీ అడిగారు. అడగడంలో తప్పు లేదు. కాని పత్రికల్లో వచ్చిన ఆ లేఖ వివరాలు మేము రెండుసార్లు చదివాం. కిలో కూలి ఊసు కనపడలేదు. కౌంటు ధరకు సచివాలయంలో సమావేశం జరుగుతుంది. తలలు గిల్లే కూలికి ఏ తహసీలు ఆఫీసులోనూ సమావేశం జరగలేదు. పైగా అదే సెప్టెంబరులో ఫ్యాక్టరీలలో రోజు పని 9 గంటల నుండి 10 గంటలకు పెంచుతూ శాసనసభ బిల్లు ఆమోదించింది.

2025 నవంబరు 21 నుండి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. 1948 నాటి కనీస వేతనాల చట్టంతో సహా 29 చట్టాలను వాటిలో కలిపేశారు. వాటిని మేము వ్యతిరేకించాం, ఇప్పుడూ వ్యతిరేకిస్తున్నాం. సమ్మె హక్కును నోటీసుల ఊబిలో దించాయి, తనిఖీ అధికారిని సలహాదారుగా మార్చాయి. అయినా శత్రువు రాసిన కాగితంలో మనకు పనికొచ్చే వాక్యం ఉంటే వదులుకోనక్కరలేదు. వేతనాల కోడ్‌లో 50వ సెక్షన్ ఉంది. యజమాని ఏ పనికి ఎంత కూలో నోటీసు బోర్డు మీద పెట్టాలి, కూలి ఇచ్చినప్పుడు చీటీ ఇవ్వాలి అంటుంది. అదే సెక్షన్‌లో కింద ఇంకో వాక్యం ఉంది: వ్యవసాయానికో ఇంటి పనికో ఐదుగురికి మించని మనుషులను పెట్టుకున్న యజమానికి ఇది వర్తించదు. 1938లో అమెరికావాళ్లు వదిలేసింది ఎవరిని? ఆ ఇద్దరినే. ఎనభై ఏడేళ్ల తరువాత మనవాళ్లు కూడా వెతికి వెతికి ఆ ఇద్దరినే పట్టుకున్నారు. చిన్న కమతంలో కలుపు తీసే మనిషి చీటీ అడగడానికి లేదు. షెడ్డు మాత్రం వ్యవసాయం కాదు, ఇల్లూ కాదు. అక్కడ అడగవచ్చు.

అందుకని మేము అడుగుతున్నవి కొత్త కోరికలేమీ కావు. ఆక్వా రంగానికి సుంకం పేరుతో ఏ రాయితీ ఇచ్చినా, సుంకానికి ముందున్న కిలో రేటును తిరిగి ఇచ్చిన షెడ్డుకే అది అందాలి. రైతుకు ఇచ్చే సాయం పట్టా ఉన్న ఆసామికి కాక గుంట నడుపుతున్న కౌలుదారుకు చేరాలి. స్థానికులకూ ఒడిశా ముఠాకూ ఒకే రేటు ఉండాలి. ఈ మూడోది మన కూలీలకే మింగుడుపడటం లేదు. "వాళ్లొచ్చాకే మా రేటు పడింది" అని మీటింగుల్లో గొడవ. వాళ్లను తెచ్చింది ఎవరో, డెలానోలో ఫిలిపినోల మీదికి మెక్సికన్లను దించింది ఎవరో చెప్పుకుంటూనే ఉన్నాం. పుచ్చలపల్లి సుందరయ్య 1930లలో ఈ జిల్లాలోనే తన ఊరు అలగానిపాడులో కూలీలను సంఘం కట్టించినప్పుడు కూడా బయటి ఊరి కూలీ, లోపలి ఊరి కూలీ తగువు ఉండే ఉంటుంది. సంఘం ఆగలేదు గదా.

డిసెంబరులో కోట దగ్గరి ఒక షెడ్డులో ఆడవాళ్లు మేస్త్రీ ముందు నిలబడి రేటు గోడ మీద రాయమన్నారు. మొదట నవ్వాడు. "రాస్తే ఏమొస్తుందమ్మా, నోటితో చెప్పేది చాలదా?" అన్నాడు. ఆ పూట వాళ్లు టబ్బుల దగ్గరికి పోకుండా గేటు బయట కూర్చున్నారు. ఒడిశా ముఠాలో నలుగురు పిల్లలు, భాష రాకపోయినా, వచ్చి పక్కన కూర్చున్నారు. ఐసు కరిగిపోతుందని లోపల నుండి కబురు వచ్చింది. మధ్యాహ్నానికి గోడ మీద సుద్దముక్కతో రెండు వరుసలు పడ్డాయి: తల తీతకు కిలో ఇంత, పొట్టు తీతకు కిలో ఇంత.

పాత రేటు ఇంకా రాలేదు. చీటీలు ఇంకా ఇవ్వడం లేదు. పెద్దామెకు చదువు రాదు, మనవరాలిని తీసుకుపోయి ఆ రెండు వరుసలూ చదివించుకుంది. పక్క షెడ్ల నుండి కూడా జనం వచ్చి చూసి పోతున్నారట. ఎదగారు కోతలు మొదలు కాకముందు వాకాడులో మీటింగు పెట్టమని అడుగుతున్నారు, పెడతాం.